కోల్డ్ బ్రూను తెలుగులో ఏమనాలి?

నమస్కారం. కాఫీ పొడిని గంటల తరబడి చన్నీళ్లలో ఉంచి తీసే కోల్డ్ బ్రూను ‘శీతల కాఫీ’ అనవచ్చా అని అడిగినవారికి ఇది నా జవాబు. ఆ మాట గ్లాసులోని కాఫీ ఎంత చల్లగా ఉందో చెబుతుందే తప్ప, దాన్ని ఎలా తీశారో చెప్పదు. పైగా కోల్డ్ బ్రూను వేడి చేసుకొని తాగేవారూ ఉన్నారు.

మొన్న హిమాయత్‌నగర్‌లో ఒక కాఫీ దుకాణానికి మా అత్తయ్యను తీసుకువెళ్లాను. బోర్డు మీద ఐస్‌డ్ కాఫీ, కోల్డ్ కాఫీ, ఫ్రాపే, కోల్డ్ బ్రూ అని ఉండటం చూసి, “అన్నీ చల్లనివే కదా, నాలుగు పేర్లు దేనికిరా?” అని అడిగారు. చెప్పబోతే, తేడా అంతా క్రియల్లోనే ఉందని నాకు తోచింది. వేడినీళ్లతో తీసిన కాఫీని ఐసు ముక్కల మీద పోసి చల్లార్చితే ఐస్‌డ్ కాఫీ. ‘చల్లారిన కాఫీ’ అంటే మన ఇళ్లలో ఎవరూ ముట్టనిది కాబట్టి ఇక్కడ ‘చల్లార్చిన’ అనే అనాలి. పాలు, చక్కెర, కాఫీ పొడి, ఐసు కలిపి మిక్సీలో తిప్పితే మనవాళ్ల కోల్డ్ కాఫీ. 1957లో గ్రీసులోని థెస్సలొనీకీలో పుట్టిన ఫ్రాపేలో ఇన్‌స్టంట్ కాఫీని చన్నీళ్లతో నురగ వచ్చేదాకా గిలకొడతారు. ఆ పేరుకు మూలమైన ఫ్రెంచి క్రియకు కూడా ‘కొట్టడం’ అనే అర్థం.

కోల్డ్ బ్రూకు మాత్రం బరకగా పట్టిన పొడిని చన్నీళ్లలో 12 నుంచి 24 గంటలు ఉంచుతారు. వేడి తగలదు కనుక పులుపూ చేదూ తక్కువగా దిగుతాయి. ఇది విని అత్తయ్య, “అంటే రాత్రి నానేసి పొద్దున వడకడతారన్నమాట” అన్నారు.

‘నానేసి’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మినపప్పు నానినప్పుడు నీరు పప్పులోకి వెళుతుంది, మనకు కావలసింది పప్పు. మాగాయకు ముక్కలను ఉప్పులో ఊరవేసినప్పుడు ముక్కలోని రసం బయటికి వస్తుంది, ఆ రసాన్నే ఊట అంటాం. కాఫీలో జరిగేది ఈ రెండోదే. అందుకే నా ఓటు ‘ఊరవేసిన కాఫీ’కి, నీళ్లో పాలో కలపకముందు ఉండే చిక్కని ద్రవాన్ని ‘కాఫీ ఊట’ అంటే ఎంత చక్కగా ఉంటుందో చూడండి.

డికాక్షన్ అనకూడదా అంటే, ఆ మాటకు మూలార్థం మరిగించడం. ఆయుర్వేదం ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది: మరిగించి తీస్తే క్వాథం, వేడినీళ్లు పోసి వడకడితే ఫాంటం, రాత్రంతా చన్నీళ్లలో ఉంచి వడకడితే హిమం. హిమానికి ఒక పలం (పాతకాలపు తూకం) దంచిన ద్రవ్యానికి ఆరు పలాల నీరు పోయాలని శార్ఙ్గధర సంహిత అనే ఆయుర్వేద గ్రంథం చెబుతుంది. ఆ లెక్కన మన ఫిల్టరు కాఫీ ఫాంటం, కోల్డ్ బ్రూ అచ్చంగా హిమం. కానీ హిమం అనగానే నేటి పాఠకుడికి మంచే తోస్తుంది కనుక ఆ మాటను బోర్డుకు ఎక్కించలేం.

‘ఊరవేసిన’ అంటే పచ్చడి గుర్తుకు వస్తుందని ఎవరైనా అభ్యంతరపెట్టవచ్చు. అయితే చెలమలో నీరు ఊరినా, రుచి తలచుకొని నోరు ఊరినా మనం వాడేది ఈ క్రియనే.