సొంత షెడ్యూలర్ ఉంచాలా, ఎయిర్‌ఫ్లో అనే రెడీమేడ్ షెడ్యూలర్‌కి మారాలా?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తున్నాను. మాకు రాత్రిపూట కంప్యూటర్‌లో వాటంతటవే నడిచే పనులు (జాబులు) 14. వాటిని టైముకి మొదలుపెట్టడానికి మా లీడ్ అన్న పైథాన్‌లో సొంతంగా షెడ్యూలర్ రాశారు. ఆయన కంపెనీ మారాక అది నా చేతికొచ్చింది.

మొన్న జనవరి 31 రాత్రి అది ఆగిపోయింది. కోడ్ తెరిచి చూస్తే నెలకు ఒకటి కలిపి "ఫిబ్రవరి 31" తయారుచేస్తోంది! టైముకి ప్రోగ్రాములు నడపడానికి యూనిక్స్‌లో 1970ల నుంచీ ఉన్న క్రాన్ ఇలా ఆగిపోదు కదా అని బాధేసింది.

అన్నకి ఫోన్ చేశాను. "ఒక జాబు అయ్యాకే రెండోది మొదలవ్వాలంటే క్రాన్‌కి తెలియదమ్మా. ఎయిర్‌ఫ్లో పెడితే దానికో డేటాబేస్, వెబ్ సర్వర్, అవన్నీ చూసుకోవడానికి ఇంకో మనిషి" అన్నారు. అదీ నిజమే. సొంతంగా రాసుకోవడమూ ఒక్కోసారి సరైనదే: 2005లో కోడ్‌లో మార్పుల లెక్క ఉంచే బిట్‌కీపర్‌ని ఉచితంగా వాడుకునే వీలు పోయాక, మిగతావేవీ లైనక్స్ కర్నెల్ పనికి చాలక దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ అలాంటి పనికే సొంతంగా గిట్ రాసుకున్నారు. కానీ ఆయన అవసరం అంతటిది. మాది 14 జాబులు.

అన్న రాసిన ఆ 600 లైన్ల కోడ్ చదివితే మా పనంతా అర్థమవుతుంది, తీసేయాలంటే మనసొప్పట్లేదు.

మీరైతే తేదీల లెక్క మాత్రం డేట్‌యుటిల్ అనే పైథాన్ లైబ్రరీకి అప్పగించి మిగతాది ఉంచుతారా, మొత్తం మార్చేస్తారా? సొంతది రాసి ఏళ్ళ తరబడి నడిపినవాళ్ళు, ఏ దశలో వదిలేశారో దయచేసి చెప్పండి. సోమవారం మేనేజర్‌కి ఏదో ఒకటి చెప్పాలి.