పేషెంట్ లెక్క లోపలికి పోయి రాసుడు కరెక్టేనా?

నల్లగొండ_పిలగాడు:
మా మేనమామకు తల బాగుండదు, మూడేండ్ల కింద హైవే పక్కన ఒక ప్రైవేట్ హోంల ఉంచినం, పేరు చెప్పను. మొన్న దసరాకు తీస్కొస్తే ఎడమ కాలు మడమ పైన చుట్టూ తోలు నల్లగ కాయ కాసి ఉంది, గొలుసు ఏసినట్టే. అన్నం పెడదామని చెయ్యి చాపితే తల దాచుకుండు. నా దోస్తు విలేకరి, నేనే పిచ్చోని లెక్క చేరి పదిరోజులుండి అంతా రాస్త అంటుండు. పంపాల్నా వద్దా?

పాత_పేపర్లు:
1887ల అమెరికాల నెల్లీ బ్లై అనే ఆమె గిదే చేసింది. న్యూయార్క్ వరల్డ్ పేపర్ కోసం పిచ్చిదాని లెక్క నటించి బ్లాక్‌వెల్స్ ఐలాండ్ ఆస్పత్రిల చేరింది, లోపలికి పోయినంక మామూలుగనే మాట్లాడింది, అయినా డాక్టర్లు నమ్మలే. చల్లటి నీళ్లు బకెట్ల కొద్దీ నెత్తిన గుమ్మరించిండ్రు. పదిరోజులకు పేపరోళ్ల వకీలు పోయి విడిపించిండు. ఆమె రాసినంక గ్రాండ్ జ్యూరీ, అంటే నేరం జరిగిందా లేదా అని కోర్టు తరఫున చూసే జనం, ఆమెనే ఎంబడి పెట్టుకొని చూడనీకి పోయింది. మీ దోస్తును బయటికి తెచ్చేటోడు ఎవరు? ముందు గది చెప్పుండ్రి.

పాలమూరు_సిస్టర్:
నేను నర్సును, వద్దనే అంటున్న. లోపల నిజం గోలీలే మింగిస్తరు, కొన్నిటితోని మెడ పట్టేస్తది, నాలుక మందమైతది, మంచిగున్న మనిషి కూడ నిజంగనే పేషెంట్ లెక్క కనవడుతడు. ఇంకోటి, 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం ప్రకారం ట్రీట్‌మెంట్‌ల ఉన్నోళ్ల ఫొటోలు వాళ్లు ఒప్పుకోకుండ మీడియాకు ఇయ్యొద్దు. అదే చట్టం 95వ సెక్షన్ గొలుసులతోని కట్టేసుడు కూడ బంద్ చేసింది. తమిళనాడుల ఎర్వాడి అనే ఊర్ల గిసొంటి హోంలనే 2001 ఆగస్టు 6న మంటలు లేస్తే 28 మంది సచ్చిపోయిండ్రు, గొలుసులుండి ఉరకలేకపోయిండ్రు, అది యాదికొస్తే నాకు ఇప్పటికీ అన్నం దిగదు. మామ కాలు ఇయ్యాలనే సర్కారు దవాఖానల చూపించి కాయితం మీద రాయించుకో తమ్మీ, మచ్చ తగ్గిపోతే సాక్ష్యం పోతది. స్టేషన్ల కంప్లైంట్ ఇయ్యి, కొడుతుండ్రని నమ్మకం కుదిరితే ఎస్సై మెజిస్ట్రేట్‌కు రిపోర్ట్ చెయ్యాలె, 101వ సెక్షన్. ఫికరైతే 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని మనసు బాగలేనప్పుడు మాట్లాడనీకి సర్కారోళ్లు పెట్టిన లైన్, పైసలు పడవు.

కొల్లాపూర్_అన్న:
సిస్టర్ చెప్పింది నిజమే గని విలేకరి ఊకుంటే లోపలున్నోళ్ల సంగతి ఎవరు చెప్తరు? బయటికొచ్చినోళ్లతోని, ఆడ పని మానేసినోళ్లతోని మాట్లాడి రాయమనుండ్రి. మీ మామను ఎవరన్న అడిగిండ్రా?

నల్లగొండ_పిలగాడు:
అడగలేదన్నా. నీ మాట చూసినంక రాత్రి పక్కన కూసోని అడిగిన. శానాసేపటికి "నా పక్క మంచం ముసలాయనకు కండ్లు కనవడయి, ఆయిన్ని కూడ తోల్కరా" అన్నడు. పొద్దుగాల దవాఖానకు పోయి కాయితం రాయించిన, ఇప్పుడు స్టేషన్ కాడున్న.