పారిజాతానికి ఆ దిగులు ఎక్కడిది?

వనమాలి:
నిన్నటి నుంచి ఒక మాట బుర్రలో తిరుగుతోంది. పారిజాతం శాస్త్రీయనామం నిక్టాంథస్ ఆర్బర్-ట్రిస్టిస్. మొదటి ముక్క తేలికే, రాత్రి పూసేది. రెండోదాన్ని ఎవరో "దుఃఖవృక్షం" అని తెనిగించగా చదివాను, ఎక్కడో గుర్తు రావడం లేదు. ట్రిస్టిస్ అంటే చెట్టుకే దిగులనా, చూసేవాళ్లకు దిగులనా?

పదశోధి:
రెండూ కాదు. లాటిన్‌లో ట్రిస్టిస్‌కు చేదు అనే అర్థమూ ఉంది. రోమన్ కవి వర్జిల్ ఒక పండు రసాన్ని ఈ మాటతోనే వర్ణించాడు. పారిజాతం ఆకు నమిలితే ఎంత చేదు! "చేదు చెట్టు" అన్నదే నా పక్షం.

నిఘంటుప్రియ:
పదశోధి గారూ, ఊహ బాగుంది కానీ కాలం ఒప్పుకోదు. మొక్కలకు శాస్త్రీయనామాలు పెట్టిన లిన్నేయస్ ఈ పేరు అచ్చువేసింది 1753లో. అంతకు 190 ఏళ్ల ముందే, 1563లో గోవాలో అచ్చయిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా పుస్తకంలో ఇది "దిగులు చెట్టు". ఆయన రాసింది పోర్చుగీసులో, అక్కడ త్రిస్తె అంటే దిగులే. కథ కూడా చెప్పాడు. సూర్యుణ్ణి ప్రేమించిన అమ్మాయిని సూర్యుడు వదిలేస్తే ఆమె ప్రాణం తీసుకుంది. ఆ చితాభస్మంలోంచి మొలిచిన చెట్టు ఇది, అందుకే దీని పువ్వులు సూర్యుడి ముఖం చూడవు. ఆ అమ్మాయి తండ్రి పేరేమిటో తెలుసా? "పరిజతాకొ". మన పారిజాతకమే!

పదశోధి:
ఓర్తా సంగతి ఒప్పుకుంటాను. కానీ లాటిన్‌లోకి వచ్చిన మాటకు లాటిన్ అర్థాలన్నీ అంటుకుంటాయి కదా. ఆ మాటకొస్తే నిక్టాంథస్ కూడా దీని సొంత ఆస్తి కాదు. లిన్నేయస్ ఆ 1753 పుస్తకంలోనే మల్లెకు నిక్టాంథస్ సంబాక్ అని పెట్టాడు. 1789లో గానీ అది మల్లెల ప్రజాతి జాస్మినమ్ కిందికి రాలేదు.

రెక్కమల్లె:
మీరంతా లాటిన్‌లో ఉన్నారు, నాకేమో పారిజాతాపహరణం రాసిన ముక్కు తిమ్మన గుర్తొస్తున్నాడు. నారదుడు తెచ్చిన ఒక్క పువ్వు రుక్మిణికి దక్కిందని సత్యభామ అలిగితే కదా చెట్టు చెట్టంతా భూమికి దిగింది! అలక తీర్చడానికి వచ్చిన చెట్టుకు దిగులు పేరంటే నా మనసు ఒప్పుకోవడం లేదు. ఆ అలక ఘట్టం రాత్రి మళ్లీ చదివాను. తిమ్మనది ముద్దుపలుకు అని ఊరికే అన్నారా! కోపం కూడా ఎంత మెత్తగా నడుస్తుందో.

నిఘంటుప్రియ:
అమ్మా, తిమ్మన చెట్టూ ఈ చెట్టూ ఒకటేనా అన్నది ముందు తేలాలి. అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో, మొక్కల పేర్లుండే వనౌషధివర్గంలో పారిజాతకం పారిభద్రానికి పర్యాయం. పారిభద్రం అంటే ఎరిత్రినా అనే వేరే చెట్టు. గ్రీకులో ఎరుత్రోస్ ఎరుపు, పేరుకు తగ్గట్టే ఎర్రటి పూలు. మనం పారిజాతం అనేదానికి రేకులు తెలుపు, కాడ ఒక్కటే కాషాయం.

రెక్కమల్లె:
అమరంలోనే స్వర్గంలోని అయిదు దేవతరువుల్లో పారిజాతం వేరుగా ఉంది కదండీ. తిమ్మనది ఆ చెట్టు. దానికి ఏ లాటిన్ పేరూ అవసరం లేదు.

వనమాలి:
తెల్లారేసరికి పూలన్నీ రాలిపోయి కొమ్మలు బోసిగా నిలబడతాయి. నాకు ట్రిస్టిస్ అక్కడే కనిపిస్తోంది. ఆ "దుఃఖవృక్షం" మాత్రం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

నిఘంటుప్రియ:
దొరికితే పక్కన లాటిన్ పేరు ఎలా అచ్చయిందో చూడండి. శాస్త్రీయనామం రెండో భాగంలో రెండు మాటలుంటే ఒకే మాటగా గానీ హైఫన్‌తో గానీ కలపాలన్నది ఇప్పటి నియమం. అక్కడ హైఫన్ లేకపోతే, రాసినవారు ఏదో పాత పుస్తకం ముందు పెట్టుకుని రాశారని నా అనుమానం.