నేటి సమస్య: ఓర్పు గలవాఁడు చెడిపోయె నుర్విలోన

నిర్వాహకుడు: మా మనవరాలు కుండీలో చిక్కుడు గింజ నాటి, మొలిచిందా అని పూటకోసారి వేలితో తవ్వి చూస్తోంది. "ఓర్పు పట్టవే తల్లీ" అంటుండగానే ఈ పాదం తట్టింది. ఇది చివరి పాదంగా వచ్చేలా పద్యం పూరించండి, రేపు రాత్రి దాకా గడువు. "అని పలుకువాడు మూర్ఖుడు" అని తప్పించుకునే పూరణలు మాత్రం వద్దు.

రెల్లుపూవు:

గంగ నిలమీఁది కెవ్వాఁడు గడఁగి తెచ్చె?
మునిని దొందరఁ గదిసిన మూఁక కేమి
ఫలిత మబ్బెను సగరుని వంశమందె?
యోర్పు గలవాఁడు, చెడిపోయె నుర్విలోన.

తాటాకు: మళ్ళీ క్రమాలంకారమేనా, ముందు ప్రశ్నలు వేసి చివరి పాదంలో వరుసగా జవాబులు! సంక్రాంతి సమస్యకూ మీది ఇదే ఎత్తు. మొదటి ప్రశ్నకు జవాబు కుదిరింది. రెండోది కుదరలేదు. సగరపుత్రులు 60,000 మందీ కపిలుడి చూపుకు బూడిదైంది పాతాళంలో. ఉర్విలో, అంటే భూమ్మీద, ఎలా చెడతారు?

రెల్లుపూవు: 'లోన'ను మీరు విభక్తిగా చదివారు. నేను 'లోపల' అనే అర్థంలో వాడాను. యాగాశ్వం కోసం నేలను తవ్వుకుంటూ పోయి భూమి లోపల చెడ్డారు. ఈ పాదంలో నన్ను పట్టుకున్నదే ఆ మాట.

గోదారిగట్టు: 'ఉర్విలోన' విరుపు దగ్గర లేచి నిలబడ్డాను. ఇక 'వంశమందె' అన్నది ఇంకా నచ్చింది. తొందర, ఓర్పు రెండూ ఒకే ఇంట పుట్టాయి. ఒక్క మాట మాత్రం గుచ్చుకుంది. 'ఓర్పు గలవాఁడు' అని అంతా భగీరథుడికే ఇచ్చేశారు. ఆయన తాత అంశుమంతుడు గంగ కోసం తపస్సు చేస్తూనే వెళ్లిపోయాడు, తండ్రి దిలీపుడికీ ఆయుష్షు చాలలేదు. ఫలం చూడకుండా పోయిన వాళ్ల ఓర్పు ఇంకా పెద్దది కాదా?

తాటాకు: జవాబు మాటతో కాదు, పద్యంతో ఇస్తాను. క్రమాలంకారం లేదు, విరుపు లేదు, పాదం ఉన్నది ఉన్నట్టే.

తొడను దొలిచెడి కీటమున్ దోలకుండ
గురుని నిద్దురఁ గాచిన కుంతి పట్టి
శాపమును బొంది తుదిపోరు సమయమందు
ఓర్పు గలవాఁడు చెడిపోయె నుర్విలోన.

నిర్వాహకుడు: కర్ణుడు! నేను పాదం ఇచ్చేటప్పుడు తోచనే లేదు.

రెల్లుపూవు: భావం బాగుంది. కానీ కర్ణుణ్ణి చెరిచింది ఓర్పు కాదు, బ్రాహ్మణుణ్ణని గురువు పరశురాముడికి చెప్పిన అబద్ధం. పైగా మూడో పాదం చివర విసంధి, చేయాల్సిన సంధి చేయలేదు. 'మందు' తరువాత 'ఓర్పు' వస్తే ఉకార సంధి నిత్యం. సంధి చేస్తే 'మం' ఒక్కటే మిగిలి చివరి గణం కూలిపోతుంది. పోయిన నెల నా కంద పద్యంలో ర, ఱ ప్రాస కలిపానని నాలుగు రోజులు నిలదీసింది మీరే.

తాటాకు: ఆ ప్రాస మీద నా మాట ఇప్పటికీ అదే. విసంధి మాత్రం ఒప్పుకుంటున్నాను, తప్పు నాదే. అబద్ధం సంగతి ఒప్పుకోను. ఆ అబద్ధం అంతకాలం నిలిచింది. నెత్తురు తగిలి లేచిన పరశురాముడు తొడ చూసి, ఇంత బాధ బ్రాహ్మణుడు ఓర్చలేడని పసిగట్టాడు. కదిలి ఉంటే గురువు నిద్ర చెడేది, అంతే. కదలనందుకు నేర్చిన బ్రహ్మాస్త్రం అక్కరకు రాకుండా పోయింది. పట్టిచ్చింది ఓర్పే.

గోదారిగట్టు: ఈ మాటకు నా దగ్గర బదులు లేదు. పురుగు తొలుస్తున్నంతసేపూ ఆ తొడ కదలలేదన్నది తలుచుకుంటేనే నా కాలు జివ్వుమంది. సవరణ కూడా కష్టం కాదు. 'సమయమందె' అనండి. సంధికి బదులు యడాగమం, అంటే మధ్యలో 'య', వస్తుంది, గణం నిలుస్తుంది, అర్థమూ పెరుగుతుంది: సరిగ్గా ఆ వేళకే.

రెల్లుపూవు: 'మందె' నా మూడో పాదంలోది.

తాటాకు: మీ దగ్గరే తీసుకున్నానని రాసుకోండి, రెల్లుపూవు గారూ. నిర్వాహకులు దయచేసి దిద్దగలరు: 'సమయమందె / యోర్పు గలవాఁడు'.

నిర్వాహకుడు: దిద్దాను.