కౌలు కార్డుకి యజమాని సంతకం తీసేయమని అడగాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మాది గుంటూరు జిల్లాలో ఓ పల్లె. ఇక్కడ సేద్యం చేసేది ఎక్కువగా కౌలువాళ్ళే, కార్డు ఉన్నవాళ్ళు మాత్రం తక్కువ. 2011 చట్టంలో రుణ అర్హత కార్డుకి భూయజమాని ఒప్పుకోలు అవసరం ఉండేది కాదు, దాని స్థానంలో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టంలో 11 నెలల ఒప్పందం మీద ఆయన సంతకం పెడితేనే కార్డు. ఎవరు పెడతారండీ, పొలం చేజారుతుందేమోనని వాళ్ళ భయం వాళ్ళది. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు పుట్టదు, పంట పోతే పరిహారం కూడా యజమాని ఖాతాకే పోతుంది.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళం కలిసి ఈ సంతకం నిబంధన మార్చమని అడుగుదామనుకుంటున్నాం. ముందు గ్రామసభ తీర్మానాలు చేయించి ఎమ్మెల్యేకి ఇవ్వాలా, లేక కార్డు లేనివాళ్ళ లిస్టు రాసుకుని కలెక్టరేట్ గ్రీవెన్స్‌కి వెళ్ళాలా? అసలు టెన్షన్ ఏంటంటే, పేరు బయటికొస్తే వచ్చే ఏడు కౌలుకి ఇవ్వరని చాలామంది వెనకాడుతున్నారు. పేర్లు లేకుండా ఎకరాల లెక్కలే ఇస్తే ఎవరైనా పట్టించుకుంటారా? 1992లో సారా మీద పోరాడిన దూబగుంట ఆడవాళ్ళని చూడమంటారు అందరూ, నిజమే గానీ వాళ్ళకి కౌలు పోతుందన్న భయం లేదు కదా. ఇలాంటి పని చేసినవాళ్ళుంటే చెప్పండి, పార్టీల గొడవ మాత్రం వద్దు.