డ్రైసూట్ జిప్పు బిగుసుకుపోతోంది: మైనంతో సరిపోతుందా, మార్చక తప్పదా?

ప్రశ్న

చన్నీటిలో డైవింగ్ చేసే మిత్రులకు నమస్కారం. నా డ్రైసూట్ (నీరు లోపలికి రాకుండా ఒంటిని పొడిగా ఉంచే డైవింగ్ దుస్తు) ట్రైలామినేట్ అనే మూడు పొరల గుడ్డతో కుట్టినది. వీపు మీదుగా ఒక భుజం నుంచి మరో భుజం దాకా ఇత్తడి పళ్ళ జిప్పు ఉంటుంది. కొంతకాలంగా ఆ జిప్పు మూసేటప్పుడు చివరి జానెడు దూరంలో స్లైడర్ మొరాయిస్తోంది. డైవ్ ముగిశాక లోపలి దుస్తుల మీద భుజం దగ్గర తడి మరక కూడా కనిపిస్తోంది. సలహాలు అడిగితే ఒకరు సిలికాన్ స్ప్రే కొట్టమన్నారు, మరొకరు దాని జోలికే పోవద్దని తేనెమైనం రుద్దమన్నారు. దాచేటప్పుడు జిప్పు తెరిచి ఉంచాలని కొందరూ, మూసి ఉంచాలని కొందరూ గట్టిగా వాదిస్తున్నారు. ఇవన్నీ మానేసి ప్లాస్టిక్ జిప్పు వేయించుకోమన్నవారూ ఉన్నారు. అసలు ఇత్తడి జిప్పు ఆయువును తగ్గించేది ఏమిటో, నా జిప్పు ఇంకా పనికివస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలో తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

తడి కనిపించగానే నేరాన్ని జిప్పు మీద మోపకండి. తల పక్కకు తిప్పినప్పుడు మెడ కండరాలు బిగుసుకుని చర్మానికీ మెడ సీల్‌కూ (నీరు రాకుండా మెడను బిగుతుగా పట్టుకునే పట్టీ) మధ్య సన్నని దారి ఏర్పడుతుంది. అక్కడ దూరిన నీరు కూడా భుజాల దాకానే జారుతుంది. చెమట చల్లబడి సూట్ లోపలి వైపు పేరుకునే తేమనూ చాలామంది లీకేజీగా పొరబడుతుంటారు. జిప్పు నుంచి వచ్చే తడికి ఒక గుర్తు ఉంది: అది జిప్పు గీత వెంబడే ఉంటుంది, ఎక్కువగా దాని రెండు చివరల్లో ఏదో ఒక దాని దగ్గర మొదలవుతుంది.

అనుమానం తీరాలంటే సూట్‌లో గాలి నింపి చూడడమే మార్గం. మణికట్టు సీళ్ళలో సీసాలు, మెడ సీల్‌లో తగిన పరిమాణంలో ఉన్న బంతి అమర్చి, గాలి వదిలే వాల్వ్‌ను పూర్తిగా బిగించి, జిప్పు మూసి, సూట్ నిండుగా కనిపించే వరకు మెల్లగా గాలి ఎక్కించండి. ఉబ్బి బిర్రుగా అయ్యేదాకా ఎక్కించకూడదు, అలా చేస్తే అతుకులు దెబ్బతింటాయి. తరువాత సబ్బునీటిని జిప్పు పొడవునా, జిప్పును సూట్‌కు అంటించిన అంచుల పొడవునా బ్రష్‌తో రాయండి. బుడగలు పళ్ళ మధ్య నుంచి వస్తున్నాయా, అంచు నుంచి వస్తున్నాయా అన్నది ముఖ్యం, ఎందుకంటే అంచు ఊడితే మళ్ళీ అంటించవచ్చు గానీ పళ్ళ మధ్య గుడ్డ చీలితే చేయగలిగింది ఏమీ లేదు.

ఇత్తడి జిప్పులో నీటిని ఆపేవి పళ్ళు కావు. రబ్బరు పూసిన గుడ్డ అంచులు రెండు ఎదురెదురుగా ఉంటాయి. పళ్ళు వాటిని ఒకదానికొకటి గట్టిగా అదిమి పట్టుకుంటాయి, అంతే. అందువల్ల పళ్ళు మెరిసిపోతున్నా, ఆ అంచు ఒక్కచోట పగిలితే జిప్పు పని అయిపోయినట్టే. పగలడానికి ప్రధాన కారణం మడతపడడం, దాని తరువాత పక్కకు లాగడం. వాడకం వల్ల పళ్ళు అరిగి పాడైన జిప్పుల కంటే, సగం తెరిచిన సూట్‌లోకి ఒళ్ళు దూర్చే తొందరలో చీలిన జిప్పులే నాకు ఎక్కువగా తారసపడ్డాయి. జిప్పు పూర్తిగా తెరవకపోతే తొడిగేటప్పుడూ విప్పేటప్పుడూ శరీరం చేసే ఒత్తిడంతా స్లైడర్ ఆగిన ఆ ఒక్క చోట పడుతుంది.

జిప్పును సూట్‌లో ఎక్కడ పెట్టాలన్నది ఎంత కీలకమో అంతరిక్ష దుస్తుల చరిత్ర కూడా చెబుతుంది. అపోలో వ్యోమగాముల దుస్తుల్లోనూ పీడనాన్ని ఆపే జిప్పులే వాడారు. మొదట అది వీపు మీదుగా కాళ్ళ మధ్య నుంచి వచ్చేది. 1971లో అపోలో 15 నాటికి, చంద్రుడి మీద నడిపే వాహనంలో కూర్చోవడానికి నడుము వంగాల్సిరావడంతో, జిప్పు దారినే మార్చి నడుము దగ్గర కీలు అమర్చారు.

ఇక కందెన సంగతి. ఇత్తడి జిప్పుకు పారఫిన్ మైనమో తేనెమైనమో సరిపోతుంది. మూసిన జిప్పు మీద బయటి వైపు పళ్ళకు మాత్రమే పలుచగా రుద్దాలి. ఎక్కువ పూస్తే ఇసుక రేణువులు దానికి అంటుకుని స్లైడర్ కింద ఆకురాయిలా పనిచేస్తాయి. సిలికాన్ స్ప్రే వద్దనడానికి అసలు కారణం వేరే ఉంది: అది చుట్టుపక్కల గుడ్డలోకి పాకి నిలిచిపోతుంది, తరువాత ఎప్పుడైనా కొత్త జిప్పు వేయాల్సివస్తే జిగురు పట్టదు. మైనం పూయడానికి ముందు మెత్తని టూత్‌బ్రష్‌తో, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటితో పళ్ళు కడగడం మాత్రం మరవకండి, ఎందుకంటే ఉప్పు గడ్డకట్టిన జిప్పుకు మైనం పూస్తే ఆ ఉప్పు లోపలే ఉండిపోతుంది.

రెండవ సమాధానం

మైనం గురించి పైన చెప్పినదంతా ఇత్తడి జిప్పుకే వర్తిస్తుందని స్పష్టంగా రాయాల్సింది. దాన్ని చదివి ఎవరైనా టిజిప్ వంటి ప్లాస్టిక్ జిప్పుకు మైనం పూస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ప్లాస్టిక్ జిప్పులో స్లైడర్ చివరికి చేరి కూర్చునే గూడు ఒకటి ఉంటుంది. తయారీదారు సూచించిన గ్రీజును ప్రధానంగా అక్కడే, కొద్దిగా రాయాలి. ఆ గూటిలో ఇసుక చేరినా, స్లైడర్ 2-3 మిల్లీమీటర్లు వెనక ఆగినా నీరు ధారగా వస్తుంది. కొత్తగా ప్లాస్టిక్‌కు మారినవారు జిప్పు లోపభూయిష్టమని ఫిర్యాదు చేసే సందర్భాల్లో, మూయడం పూర్తికాకపోవడమే కారణమని తేలడం సర్వసాధారణం. చివరి లాగు గట్టిగా ఉండాలి, స్లైడర్ గూటిలో కూర్చున్నట్టు చేతికి తెలియాలి.

తెరిచి దాచాలా, మూసి దాచాలా అన్న వాదన గురించి నా అభిప్రాయం: జిప్పు రకాన్ని బట్టీ తయారీదారును బట్టీ సూచన మారుతుంది కాబట్టి, మీ సూట్‌తో వచ్చిన కరపత్రంలో ఉన్నదే పాటించండి. మడత పడకుండా చూడడం దీనికంటే పదింతలు ముఖ్యం. ప్రయాణాల్లో సూట్‌ను పాదాల వైపు నుంచి వదులుగా చుట్టుకుంటూ రండి, జిప్పు ఉన్న భాగం చివరన పైకి, సాఫీ వంపుతో వచ్చేలా చూడండి. చుట్ట మీద ట్యాంకులు, బరువుల బెల్టులు పెట్టకండి.

మారాలా వద్దా అంటే, ప్లాస్టిక్ జిప్పు తేలికగా వంగుతుంది, తుప్పు పట్టదు, ఛాతీ మీదుగా ఏటవాలుగా వచ్చే జిప్పుకు బాగా నప్పుతుంది. కానీ చీలిన ప్లాస్టిక్ జిప్పు కూడా చీలిన ఇత్తడి జిప్పులాగే మార్చాల్సిందే. ఏది వేసినా నిర్లక్ష్యాన్ని భరించదు.

ప్రశ్న అడిగినవారి నుంచి

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే గాలి నింపి సబ్బునీరు రాశాను. మెడ సీల్, వాల్వులు, అంటించిన అంచులు బాగానే ఉన్నాయి. జిప్పు మూసుకునే చివరకు దగ్గరలో, సరిగ్గా స్లైడర్ మొరాయించే చోటే, పళ్ళ మధ్య నుంచి సన్నని బుడగలు ఆగకుండా వస్తున్నాయి. భూతద్దంతో చూస్తే అక్కడ గుడ్డ దారాలు రెండు మూడు పైకి లేచి ఉన్నాయి, ఒక పన్ను పక్క వరుసతో పోలిస్తే కాస్త వంకరగా ఉంది. లీకేజీ చాలా తక్కువ కాబట్టి జాగ్రత్తగా వాడుకుంటూ ఈ చలికాలం గడిపేయవచ్చా?

మూడవ సమాధానం

గడిపేయవద్దనే చెబుతాను. దారాలు లేచి, పన్ను వంకరపోయిందంటే ఆ చోట పట్టు సడలింది. స్లైడర్ వెళ్ళిన ప్రతిసారీ అది ఇంకొంత పెద్దదవుతుంది, ఒక రోజు ఉన్నట్టుండి తెరుచుకుంటుంది. వంకర పన్నును శ్రావణంతో సరిచేయబోతే పక్కనున్న గుడ్డ కూడా చిరుగుతుంది.

జిప్పు నీటి అడుగున తెరుచుకుంటే ఏం జరుగుతుందో ఊహించండి. లోపలికి వచ్చిన నీరు నీటిలో ఉన్నంతసేపు మిమ్మల్ని కిందికి లాగదు. అసలు ప్రమాదం సూట్‌లోని గాలి పోవడం. మీ జిప్పు భుజాల మీదుగా ఉంది కాబట్టి, మీరు నిటారుగా ఉన్నప్పుడు అదే శరీరంలో ఎత్తైన చోట్లలో ఒకటి. ఇన్‌ఫ్లేటర్ (సూట్‌లోకి గాలి నింపే బటన్) ఎంత నొక్కినా గాలి అక్కడి నుంచే తప్పించుకుంటుంది. తేలే శక్తితో పాటు వెచ్చదనమూ పోతుంది. పైకి రావడానికి వింగ్ (వీపున ఉండే, గాలి నింపుకుని తేలేందుకు తోడ్పడే సంచి) ఒక్కటే మిగులుతుంది కాబట్టి, సూట్ పూర్తిగా నిండినా మీ బరువునంతా వింగ్ మోయగలదో లేదో ఏ సూట్ వాడేవారైనా ముందే లెక్క చూసుకోవాలి. నీటిలో నుంచి బయటికి ఎక్కేటప్పుడు మాత్రం సూట్‌లో చేరిన నీరంతా నిజమైన బరువే.

సూట్‌ను మరమ్మతుకు పంపేటప్పుడు జిప్పుకు ఇప్పటిదాకా ఏమేమి పూశారో దాచకుండా చెప్పండి. ఎప్పుడైనా ఒక్కసారి సిలికాన్ కొట్టి ఉన్నా, పాత జిప్పు తీసేశాక ఆ మేర గుడ్డను ప్రత్యేకంగా శుభ్రం చేయాల్సి ఉంటుంది, చెప్పకపోతే వారు మామూలుగా అంటించి పంపేస్తారు. కొత్త జిప్పు కూడా ఇత్తడిదే వేయించుకుంటే మూసే పద్ధతి మీద దృష్టి పెట్టండి: వెనక జిప్పును మీ డైవ్ భాగస్వామి మూస్తారు కాబట్టి, ఒక చేత్తో స్లైడర్ ముందున్న రెండు అంచులను దగ్గరకు చేర్చి పట్టుకుని, రెండో చేత్తో జిప్పు గీత వెంబడే లాగమని ఆయనకు నేర్పండి. మీరు చేతులు ముందుకు చాచి, వీపు గుండ్రంగా చేసి నిలబడితే జిప్పు వంకరలు లేకుండా సాఫీగా ఉంటుంది. మధ్యలో అండర్‌సూట్ నూలు చిక్కుకుంటే ముందుకు లాగకుండా వెనక్కి తీసి, నూలు తప్పించి, మళ్ళీ మొదలుపెట్టాలి. సూట్ తిరిగి వచ్చాక లోతుకు వెళ్ళడానికి ముందు మళ్ళీ ఒకసారి సబ్బునీటి పరీక్ష చేయండి, ఈసారి అంచుల మీద ఎక్కువ దృష్టి పెట్టండి.