జేలెన్ హర్ట్స్ అలబామాను విడవడం: ఓపికకు ఉదాహరణా, లెక్క చూసుకుని వేసిన అడుగా?

మూడోడౌన్:
అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్‌లు (పాస్‌లు వేసి జట్టు దాడిని నడిపించే ఆటగాళ్లు) ఇప్పుడు అద్దె ఇళ్లు మారినట్టు యూనివర్సిటీలు మారుతున్నారు. టెనెసీని ప్లేఆఫ్‌కు తీసుకెళ్లిన నీకో యామలియావా 2025 ఏప్రిల్‌లో ఒకరోజు ప్రాక్టీసుకు రాలేదు. డబ్బు దగ్గర పేచీ వచ్చిందని వార్తలు వచ్చాయి. మర్నాడే జట్టు అతన్ని వదులుకుంది, అతను యూసీఎల్ఏలో చేరాడు.

ఇలాంటి రోజుల్లో మన పిల్లలకు చెప్పాల్సిన పేరు జేలెన్ హర్ట్స్, అప్పటి అలబామా యూనివర్సిటీ క్వార్టర్‌బ్యాక్. 2018 జనవరి 8న అట్లాంటాలో జాతీయ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ జరిగింది. సగం ఆట ముగిసేసరికి జార్జియాకు 13, అలబామాకు సున్నా. విరామంలో కోచ్ నిక్ సేబన్ హర్ట్స్‌ను పక్కన పెట్టి, కొత్త కుర్రాడు టువా టాగోవైలోవాను దింపాడు. అదనపు సమయంలో టువా వేసిన 41 గజాల పాస్‌తో అలబామా 26-23తో గెలిచింది. దేశమంతా చూస్తుండగా చోటు పోగొట్టుకున్నా హర్ట్స్ నోరు మెదపలేదు. మరుసటి సీజన్ చాలావరకు బెంచి మీదే ఉన్నాడు. డిసెంబరు 1న అదే స్టేడియంలో అదే జార్జియాపై టువా గాయపడితే దిగి, 21-28తో వెనకబడిన జట్టును 35-28తో గెలిపించాడు. ఆ తర్వాతే ఓక్లహోమాకు వెళ్లాడు. ముందు బాకీ తీర్చాడు, తర్వాత వెళ్లాడు. ఈ వరస ముఖ్యం. మీరేమంటారు?

ఎర్రజెర్సీ:
మా అలబామా నినాదం ఒక్కటే: రోల్ టైడ్. ఇంకేం అనాలి?

నార్మన్‌వాసి:
"బాకీ" అన్న మాట దగ్గరే నాకు పేచీ. 2016లో పద్దెనిమిదేళ్ల కుర్రాడు మొదటి ఏడాదే జట్టును ఫైనల్‌కు తీసుకెళ్లాడు. క్లెమ్సన్ మీద ఆట ముగియడానికి రెండు నిమిషాల పైచిలుకు ఉందనగా 30 గజాలు పరుగెత్తి ఆధిక్యం తెచ్చిందీ అతనే. ఒక్క సెకను మిగిలి ఉండగా క్లెమ్సన్ టచ్‌డౌన్ చేసి 35-31తో గెలిస్తే అది రక్షణ దళం వైఫల్యం, అతనిది కాదు. రెండేళ్లలో 26 గెలుపులు, 2 ఓటములు. ఎవరు ఎవరికి బాకీ?

ఓక్లహోమాలో చదువుకున్నవాణ్ని కాబట్టి పక్షపాతం అంటారేమో, అనండి. బెంచి మీద కూర్చోబెట్టినవాళ్లకు అతను అవసరమైన రోజున బీమాలా పనికొచ్చాడు. ఆ బీమాకు మీరు "ఓపిక" అని పేరు పెట్టి పిల్లలకు పాఠం చెబుతున్నారు.

పాతస్కోరుకార్డు:
ఇద్దరూ అసలు విషయం వదిలేశారు. హర్ట్స్ 2018 డిసెంబరులో అలబామాలో డిగ్రీ పూర్తి చేశాడు, అదీ మూడేళ్లలోపే. 2019 జనవరిలో ఓక్లహోమాలో చేరింది పీజీ విద్యార్థిగా. డిగ్రీ ఉన్నవాడు వెంటనే ఆడవచ్చన్న నిబంధన అప్పటికే ఉంది. డిగ్రీ పూర్తయినవాడు కాలేజీని "విడిచాడు" అనకూడదు. శీర్షికే తప్పు.

మూడోడౌన్:
పాతస్కోరుకార్డు గారూ, నేను చెబుతున్నదీ అదే. మధ్యలో వదల్లేదు, పూర్తి చేశాడు.

పాతస్కోరుకార్డు:
అదే అయితే శీర్షిక మార్చండి.

గోదారిగట్టు:
డిగ్రీ అయ్యాక వెళ్లడం గొప్పే. మధ్యలో వెళ్లాల్సి వస్తే ఏమవుతుందో నన్ను అడగండి. ఇంజనీరింగ్ మొదటి ఏడాది అయ్యాక ఇంకో కాలేజీలో సీటు వచ్చింది. మా కాలేజీ నా ఇంటర్ మెమో, టీసీ బీరువాలో పెట్టుకుని, మిగతా మూడేళ్ల ఫీజు కడితేనే ఇస్తామంది. విద్యార్థుల అసలు సర్టిఫికెట్లు పట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ చెప్పినా అక్కడ వినే నాథుడు లేడు. మా నాన్న ఆ మేడమెట్లు ఎక్కీ దిగీ చివరకు చేతులెత్తేశాడు. నేను అక్కడే చదివాను. ఎవరైనా నాకు "ఓపిక" గురించి చెబితే ఒళ్లు మండుతుంది. అది ఓపిక కాదు, తాళం.

మూడోడౌన్:
మీకు జరిగింది అన్యాయమే. కానీ దానికీ హర్ట్స్‌కూ సంబంధం ఏమిటి?

నార్మన్‌వాసి:
చాలా ఉంది. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ కూడా అప్పట్లో తాళమే వేసేది. డిగ్రీ లేకుండా మారితే ఒక ఏడాది ఆడనిచ్చేది కాదు. క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ సంగతి చూడండి. టెక్సస్ టెక్‌లో స్కాలర్‌షిప్ కూడా లేకుండా ఆడి, 2014లో ఓక్లహోమాకు వచ్చాడు. ఆ సీజన్ ఆడనివ్వలేదు. రెండూ బిగ్ 12 అనే ఒకే లీగ్ జట్లు కాబట్టి కాలేజీ తరఫున ఆడే అర్హతలో ఒక ఏడాది కూడా కోసేశారు. 2016లో నిబంధన మార్చి ఆ ఏడాది తిరిగి ఇస్తే, అందులోనే, అంటే 2017లో, ఆ ఏటి ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. తాళం తీయకపోతే ఆ ట్రోఫీ లేదు. టెక్సస్ ఏ అండ్ ఎమ్ నుంచి వచ్చిన కైలర్ మరీ కూడా ఒక సీజన్ ఖాళీగా కూర్చున్నాకే 2018 హైస్మన్ దాకా వెళ్లాడు. అప్పుడు రెండో స్థానం ఎవరిదో గుర్తుందా? టువాది.

ఎర్రజెర్సీ:
టువాకు ఆ ఏడాది చీలమండ నొప్పి. లేకపోతే హైస్మన్ మాదే.

బంతిబయట:
మన దగ్గర అంబటి రాయుడు హైదరాబాద్, ఆంధ్ర, బరోడా, విదర్భ జట్లకు ఆడాడు. హనుమ విహారి హైదరాబాద్‌కూ ఆంధ్రకూ మధ్య తిరిగి, 2024లో కెప్టెన్సీ గొడవతో ఇక ఆంధ్రకు ఆడనని ప్రకటించాడు. వాళ్లను ద్రోహులంటామా?

పాతస్కోరుకార్డు:
రంజీలో మారాలంటే సొంత సంఘం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. పోలిక కుదరదు.

బంతిబయట:
కుదిరింది కదా, మీరే చెప్పారు. వదిలేవాడి చేతిలో కాదు, వదిలిపెట్టేవాడి చేతిలో ఉంది తాళం.

మూడోడౌన్:
తాళాల గోల కాసేపు ఆపుదాం. 2018లో ఎన్‌సీఏఏ కొత్త నిబంధన తెచ్చింది: నాలుగు మ్యాచ్‌లు మించకుండా ఆడినవాడికి ఆ ఏడాది ఆడే అర్హత లెక్కలోకి రాదు, దాచుకోవచ్చు. క్లెమ్సన్‌లో ట్రెవర్ లారెన్స్‌కు చోటు ఇచ్చారని కెల్లీ బ్రయంట్ సరిగ్గా నాలుగు మ్యాచ్‌ల తర్వాత సీజన్ మధ్యలో జట్టు వదిలేసి, తర్వాత మిజోరీకి వెళ్లాడు. హర్ట్స్ చేతిలోనూ అదే అవకాశం ఉంది. అతను సెప్టెంబరు 29న లూసియానా జట్టు మీద ఐదో మ్యాచ్‌లోనూ దిగాడు. తన ఏడాది పోతుందని తెలిసే దిగాడు. ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. దీన్ని కూడా బీమా అంటారా?

నార్మన్‌వాసి:
ఇది మంచి వాదన. అయినా మీ కథలో ఒక అబద్ధం ఉంది. "నోరు మెదపలేదు" అన్నారు. మెదిపాడు. 2018 ఆగస్టులో పత్రికలవాళ్ల ముందే, వసంతకాలం అంతా కోచ్‌లతో సహా ఎవరూ తన దగ్గరికి వచ్చి ఎలా ఉన్నావని అడగలేదని చెప్పాడు. దానికి నెలల ముందే అతని తండ్రి ఎవెరియన్ హర్ట్స్, ఆయనా హైస్కూలు కోచ్, అబ్బాయికి మళ్లీ చోటు దక్కకపోతే కాలేజీ ఫుట్‌బాల్ చరిత్రలోనే అతిపెద్ద ఫ్రీ ఏజెంట్ (ఏ జట్టుకైనా వెళ్లగల ఆటగాడు) అవుతాడని విలేఖరికి చెప్పాడు. మౌనముని కాదు. మాట్లాడాడు, ఆడాడు, డిగ్రీ తీసుకున్నాడు, వెళ్లాడు. నేను మెచ్చుకునేది ఆ హర్ట్స్‌ను. మీరు మెచ్చుకునే మౌనముని అసలు లేడు.

ఎర్రజెర్సీ:
సేబన్ డిసెంబరు మ్యాచ్ తర్వాత కళ్లలో నీళ్లు పెట్టుకున్నాడు. చూడనివాళ్లు మాట్లాడవద్దు.

నార్మన్‌వాసి:
చూశాను. మరి ఆయన విధేయత సంగతి? 2006 డిసెంబరులో మయామీ డాల్ఫిన్స్ కోచ్‌గా ఉండి, అలబామాకు వెళ్లేది లేదని చెప్పి, జనవరి మొదటి వారంలోనే అలబామాకు వెళ్లాడు. మా వైపూ అంతే. ఓక్లహోమా కోచ్ లింకన్ రైలీ 2021 నవంబరులో సీజన్ చివరి లీగ్ మ్యాచ్ ఓడిన మర్నాడే సదరన్ కాలిఫోర్నియాకు ఎగిరిపోయాడు. ఇక్కడి క్వార్టర్‌బ్యాక్ కేలెబ్ విలియమ్స్ వెనకే వెళ్లి, 2022 హైస్మన్ అక్కడ గెలిచాడు. మా యూనివర్సిటీ ఊరు నార్మన్‌లో కుర్రాణ్ని తిట్టినంతగా కోచ్‌నూ తిట్టారు, నిజమే. కానీ కోచ్‌ను ఎవరూ ఏడాది కూర్చోబెట్టలేదు.

పాతస్కోరుకార్డు:
2021 నాటికి ఒకసారి మారితే కూర్చోనక్కరలేదన్న నిబంధన వచ్చేసింది. కేలెబ్‌ను కూడా ఎవరూ కూర్చోబెట్టలేదు.

నార్మన్‌వాసి:
సరే మహాశయా.

మూడోడౌన్:
ఫలితం మాట్లాడుకుందాం. 2019లో ఓక్లహోమాలో 3,851 గజాల పాస్‌లు, 32 టచ్‌డౌన్ పాస్‌లు, 1,298 గజాల పరుగు, మరో 20 టచ్‌డౌన్లు. బేలర్ మీద 3-28తో వెనకబడి 34-31తో గెలిచారు. హైస్మన్‌లో రెండో స్థానం. 2020లో ప్రొఫెషనల్ లీగ్ జట్లు ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో రెండో రౌండు, 53వ పేరు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు 40-22తో ఆ లీగ్ ఫైనల్ సూపర్ బౌల్, అందులో ఉత్తమ ఆటగాడు. బెంచి మీద గడిపిన ఆ ఏడాది లేకపోతే ఇవన్నీ లేవు.

నార్మన్‌వాసి:
ఓక్లహోమాకు రాకపోతే ఇవన్నీ లేవు. అలబామాలో ఉండిపోయి ఉంటే 2019లో కూడా టువా వెనకే. ఆ ఏడాది హైస్మన్ గెలిచిందెవరు? జో బరో. ఒహైయో స్టేట్‌లో చోటు దక్కక, డిగ్రీ తీసుకుని 2018లో ఎల్ఎస్‌యూకు మారినవాడు. ప్లేఆఫ్ సెమీఫైనల్ అయిన పీచ్ బౌల్‌లో మా మీద మొదటి సగంలోనే ఏడు టచ్‌డౌన్ పాస్‌లు వేశాడు. 63-28తో చితికిపోయాం. ఆ రోజు రెండు జట్ల క్వార్టర్‌బ్యాక్‌లూ బయటి నుంచి వచ్చినవాళ్లే. కూర్చోవడం కాదు, లేచి వెళ్లడం పనిచేసింది.

మూడోడౌన్:
ఎంతమంది మారి మాయమయ్యారో చెప్పరు. బదిలీ కోరేవాళ్ల జాబితా అయిన పోర్టల్‌లో పేరు వేసుకుని ఎక్కడా చోటు దొరకక మిగిలిపోయిన కుర్రాళ్లకు సూపర్ బౌల్ లేదు, స్కాలర్‌షిప్ కూడా లేదు. గెలిచినవాణ్ని చూపించి అందర్నీ దూకమంటున్నారు మీరు.

నార్మన్‌వాసి:
గెలిచినవాణ్ని చూపించి అందర్నీ కూర్చోమంటున్నది మీరు. అసలు సంగతి మాట్లాడదామా? అమెరికా చదువుల విభాగంలో మీరే రాశారు, మీ అబ్బాయి రెండో ఏడాది తర్వాత యూనివర్సిటీ మారతానంటున్నాడని. "మన పిల్లలకు చెప్పాల్సిన పేరు" అంటే ఏ పిల్లవాడికో నాకు అప్పుడే అర్థమైంది. హర్ట్స్‌ను మీ ఇంట్లో బెత్తంలా వాడుకుంటున్నారు.

మూడోడౌన్:
మా ఇంటి విషయం ఇక్కడికి లాగడానికి మీరెవరు? సభ్యత ఉందా?

నిర్వాహకుడు:
ఇద్దరూ ఆటకు పరిమితం కండి.

గోదారిగట్టు:
ఆట ఎప్పుడో అయిపోయింది సార్.

మూడోడౌన్:
సరే, ఎలాగూ బయటపడింది, చెబుతాను. అవును, మా వాడే. రెండేళ్లు ఫీజు కట్టింది నేను. దానికి హైదరాబాద్‌లో స్థలం అమ్మాను. వాడికి అక్కడ ఏ అన్యాయమూ జరగలేదు. ఎవరూ వాడి చోటు లాక్కోలేదు. మార్కులు బాగున్నాయి. "ఇక్కడ నాకు సరిపడటం లేదు" అంటాడు, అంతే. సరిపడకపోవడం కూడా కారణమేనా? హర్ట్స్‌కు కారణం ఉంది. వాడికేం ఉంది? మాకు ఆ వయసులో సరిపడటం, పడకపోవడం అన్న ప్రశ్నే రాలేదు.

నార్మన్‌వాసి:
మీకు రాలేదు కాబట్టి అతనికి రాకూడదా? మీ లెక్క ఏమిటంటే, ముందు నలుగురి ముందు అవమానపడాలి, తర్వాత ఏడాది భరించాలి, అప్పుడే వెళ్లే హక్కు వస్తుంది. ఇరవై ఏళ్లవాడికి కారణం పెద్దవాళ్లకు నచ్చేంత పెద్దదిగా ఉండాలా?

మూడోడౌన్:
డబ్బు పెట్టినవాడు అడగకూడదా?

నార్మన్‌వాసి:
అడగవచ్చు. దాన్ని విధేయత అనకండి. అలబామా కూడా డబ్బు పెట్టింది.

సాయంత్రంషిఫ్టు:
నేను ఒక యూనివర్సిటీ రికార్డుల ఆఫీసులో పనిచేస్తాను, ఫుట్‌బాల్ పెద్దగా చూడను. మూడోడౌన్ గారూ, మీరు ఎన్ని టపాలు రాసినా ఒక్క మాట చెప్పలేదు: అబ్బాయి ఏ విభాగంలో ఉన్నాడు, ఎక్కడికి వెళ్తానంటున్నాడు?

మూడోడౌన్:
కంప్యూటర్ సైన్స్ నుంచి సివిల్. ఇప్పుడున్న చోట సివిల్ లేదట. మొన్న చెప్పాడు. నేను పూర్తిగా వినలేదు.

పాతస్కోరుకార్డు:
అది బదిలీ కాదు, కోర్సు మార్పు.

సాయంత్రంషిఫ్టు:
అయ్యా, కాస్త ఆగండి.

మూడోడౌన్:
అమ్మా, మారడం సరైనదని నేను ఒప్పుకోవడం లేదు. ఒకవేళ మారితే ఈ రెండేళ్ల క్రెడిట్లలో ఎన్ని కలుపుతారు? నేను ఫోన్ చేసి కనుక్కోవచ్చా?

సాయంత్రంషిఫ్టు:
ఎన్ని కలుపుతారన్నది చేరబోయే యూనివర్సిటీ ఇష్టం. గణితం, భౌతికశాస్త్రం లాంటివి ఎక్కువగా కలుస్తాయి, ప్రోగ్రామింగ్ కోర్సులు సివిల్ డిగ్రీకి లెక్కలోకి రాకపోవచ్చు. ఇప్పుడున్న చోట సీటు వదులుకోకముందే ఏ కోర్సుకు ఎన్ని ఇస్తారో రాతపూర్వకంగా తెప్పించుకోమనండి. ఎఫ్-1 వీసా మీద ఉంటే, ఇప్పుడున్న చోటి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు సెవిస్ రికార్డును (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ నమోదు) బదిలీ చేయాలి, ఆ తేదీ ముందే మాట్లాడుకోవాలి. మీరు ఫోన్ చేస్తే మాత్రం అబ్బాయి రికార్డు గురించి చెప్పకపోవచ్చు. యూనివర్సిటీ విద్యార్థి రికార్డు గురించి, అతను సంతకం చేసి అనుమతిస్తే తప్ప, తల్లిదండ్రులతో మాట్లాడటానికి అమెరికా చట్టం సాధారణంగా ఒప్పుకోదు, కొన్ని మినహాయింపులున్నా. ఫోన్ మీ అబ్బాయే చేయాలి.